ద్వీపంలో అద్దె కారు

నలువైపులా జలం ఆవరించిన భూభాగాన్ని ద్వీపం అంటాం. ద్వీపవాసికి సముద్రమే సరిహద్దు, సముద్రమే రహదారి. అతడు తినే ధాన్యం, కట్టే బట్ట, వాడే యంత్రం చాలావరకు నీటిని దాటి రావలసినవే. అటువంటి చోట ఒక మోటారు వాహనానికి ఉండే విలువ నగరంలోని విలువకు భిన్నమైనది. మహానగర విమానాశ్రయంలో దిగిన ప్రయాణికుని కోసం బస్సులు, రైళ్లు, టాక్సీలు బారులు తీరి ఉంటాయి. ఒకటి తప్పితే మరొకటి దొరుకుతుంది. చిన్న ద్వీపంలో దిగినవానికి ఆ వెసులుబాటు లేదు. అక్కడ కారును అద్దెకు తీసుకొని స్వయంగా నడుపుకోవడం ఎంతో సౌకర్యం. ఆ సౌకర్యం వెంట కొన్ని బాధ్యతలు కూడా వస్తాయి. అవి ఏమిటో, ఎందుకు వస్తాయో ఒక నిజమైన ద్వీపాన్ని ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం.

స్కాట్లాండుకు పశ్చిమాన అట్లాంటిక్ మహాసముద్రంలో అవుటర్ హెబ్రిడీస్ అనే ద్వీపమాల ఉంది. అందులో దక్షిణ భాగాన ఉన్నది బార్రా ద్వీపం. దాని వైశాల్యం సుమారు 60 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు 1,200. మన జిల్లాలలోని ఒక మోస్తరు గ్రామంలో ఇంతకంటె ఎక్కువమంది ఉంటారు. ప్రధాన స్థావరమైన కాజిల్‌బే గ్రామం దక్షిణపు కొసన ఉన్నది. విమానాశ్రయం ఉత్తర భాగాన ఉన్నది. ప్రధాన భూభాగంలోని ఓబన్ రేవు నుండి ఓడలో రావడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. గ్లాస్గో నగరం నుండి విమానంలో అయితే గంటకు కొంచెం పైగా పడుతుంది.

ఈ విమానాశ్రయం ప్రపంచంలోనే విలక్షణమైనది. దీనికి సిమెంటుతోగాని, తారుతోగాని వేసిన రన్‌వే లేదు. ‘ట్రాయ్ వోర్’ అనే విశాలమైన ఇసుక తీరమే దాని రన్‌వే. ఆ ద్వీపవాసుల గేలిక్ భాషలో ఆ పేరుకు ‘పెద్ద సముద్రతీరం’ అని అర్థం. 1936లో ప్రారంభమైన ఈ విమానాశ్రయంలో త్రిభుజాకారంగా అమరిన మూడు రన్‌వేలు ఉన్నాయి. వాటి కొసలను కొయ్య గుంజలు సూచిస్తాయి. ట్విన్ ఆటర్ అనే, పందొమ్మిదిమందికి మించి పట్టని చిన్న విమానాలు ఇక్కడ దిగుతాయి. సముద్రం పోటెత్తినప్పుడు మూడు రన్‌వేలూ నీటిలో మునిగిపోతాయి. ఆటు వచ్చినప్పుడు నీరు వెనుకకు తగ్గి గట్టి ఇసుక నేల బయటపడుతుంది. అప్పుడే విమానం దిగగలదు. ఒక పోటుకు, మరుసటి పోటుకు మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాల వ్యవధి ఉంటుంది. అందువలన ఆటుపోట్ల వేళలు ప్రతిదినం సుమారు యాభై నిమిషాలు వెనుకకు జరుగుతూ ఉంటాయి. వాటిని అనుసరించి విమానాల వేళలు కూడా మారుతూ ఉంటాయి. మన పల్లెలలో జాలరులు ఆటుపోట్లు చూసి పడవ దింపుతారు. అదే పద్ధతిని అక్కడ విమానం కూడా పాటిస్తున్నదన్నమాట.

ఇటువంటి ద్వీపంలో కార్లను అద్దెకు ఇచ్చేవి స్థానికులు నడుపుకునే చిన్న సంస్థలు. వాటి వద్ద ఉండే వాహనాలు కొద్దిపాటివే. ముందుగా చెప్పి ఉంచితే విమానం దిగే వేళకు గాని, ఓడ చేరే వేళకు గాని కారును సిద్ధంగా ఉంచుతారు. ఇక్కడ ‘ముందుగా’ అన్న మాట ముఖ్యమైనది. పెద్ద విమానాశ్రయంలో వందలకొద్దీ కార్లు ఉంటాయి కనుక ఒక సంస్థ కాదంటే మరొక సంస్థను ఆశ్రయించవచ్చు. చిన్న ద్వీపంలో ఉన్న కార్లన్నీ అద్దెకు వెళ్లిపోతే మరొక కారు మరునాటి ఓడ మీద కూడా వస్తుందన్న నమ్మకం లేదు. కాబట్టి విమానం టిక్కెట్టు కొన్ననాడే కారు సంగతి కూడా నిశ్చయించుకోవడం వివేకం.

ద్వీపాలలో కారు అద్దె ఎక్కువని యాత్రికులు తరచుగా ఫిర్యాదు చేస్తుంటారు. కారణాలు తెలిస్తే ఆ ఫిర్యాదు కొంత తగ్గుతుంది. కారు ఓడ మీద రావాలి. దాని విడిభాగాలు, దానికి పోసే ఇంధనం కూడా ఓడ మీదనే రావాలి. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. యాత్రికులు వచ్చేది ప్రధానంగా వేసవి నెలలలో. శీతకాలంలో కార్లు ఊరికే పడి ఉన్నా బీమా రుసుము, పన్ను మాత్రం కట్టక తప్పదు. కొద్ది నెలల రాబడితో ఏడాది ఖర్చును యజమాని పూడ్చుకోవాలి. అటువంటి చోట ఒక కారు ప్రమాదానికి గురై మూలపడితే, కావలసిన భాగం ప్రధాన భూభాగం నుండి వచ్చేవరకు ఆ కారు కోసం ముందుగా చెప్పి ఉంచుకున్నవారందరి ప్రయాణాలూ తారుమారవుతాయి. నగరంలో అద్దె కారు కేవలం ఒక సరుకు. ద్వీపంలో అది పదిమంది వంతులవారీగా పంచుకునే వనరు. ఈ తేడాను గ్రహించడమే ఈ విషయంలో మొదటి పాఠం.

ఇక కారు తీసుకునేవారి వద్ద ఉండవలసిన పత్రాలను గూర్చి తెలుసుకుందాం. మొదటిది డ్రైవింగ్ లైసెన్సు. మన దేశంలో పద్దెనిమిదేళ్లు నిండినవారు కారు నడిపే లైసెన్సు పొందవచ్చు. అయితే అద్దె సంస్థలు అంతటితో తృప్తి చెందవు. ఇరవై ఒకటి, ఇరవై మూడు, కొన్ని చోట్ల ఇరవై ఐదేళ్లు నిండినవారికే కారు ఇస్తాయి. లైసెన్సు పొంది కనీసం ఒక సంవత్సరం గడిచి ఉండాలని కూడా చాలా సంస్థలు నియమం పెడతాయి. బ్రిటన్‌కు సందర్శకులుగా వెళ్లినవారు తమ దేశపు లైసెన్సుతో పన్నెండు నెలల వరకు కారు నడపవచ్చు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అనే మరొక పత్రం కూడా ఉంది. 1949లో జెనీవాలో కుదిరిన రహదారి ఒప్పందాన్ని అనుసరించి దీనిని ఇస్తారు. మన రాష్ట్రాలలో ప్రాంతీయ రవాణా కార్యాలయంలో దరఖాస్తు చేసి దీనిని పొందవచ్చు. దీని గడువు ఒక సంవత్సరం. ఇది లైసెన్సుకు బదులుగా వాడే పత్రం కాదు. లైసెన్సుకు తోడుగా చూపవలసిన పత్రం మాత్రమే. కొన్ని దేశాలు దీనిని తప్పనిసరి చేశాయి. తప్పనిసరి కాని చోట కూడా అద్దె సంస్థ అడగవచ్చు. కనుక ప్రయాణానికి ముందే సంస్థను అడిగి తెలుసుకోవాలి.

రెండవది ఒప్పందపత్రం. విమానం దిగిన అలసటలో, సముద్రాన్ని చూడాలన్న ఆత్రంలో, దీనిని చదవకుండా సంతకం చేసేవారే ఎక్కువ. దీనిలోని ముఖ్యమైన అంశం బీమా. మన కారు వలన ఇతరులకు కలిగే నష్టానికి బీమా ఉండి తీరాలని బ్రిటన్ చట్టం, మన దేశపు 1988 నాటి మోటారు వాహనాల చట్టం రెండూ శాసిస్తున్నాయి. అద్దె కారుకు జరిగే నష్టం సంగతి వేరు. దానికి సంస్థ ఒక పరిమితి పెడుతుంది. ఆ పరిమితి వరకు నష్టాన్ని అద్దెకు తీసుకున్నవారే భరించాలి. ఆపైన ఉన్నది సంస్థ గాని, దాని బీమా గాని భరిస్తుంది. ఈ పరిమితిని అక్కడ ‘ఎక్సెస్’ అంటారు.

ఒక లెక్క చూద్దాం. ఒప్పందంలో ఎక్సెస్ 1,000 పౌండ్లు అని ఉందనుకుందాం. కారుకు 300 పౌండ్ల నష్టం జరిగితే ఆ మొత్తమంతా మనమే చెల్లించాలి. 2,500 పౌండ్ల నష్టం జరిగితే మనం 1,000 పౌండ్లు చెల్లిస్తే చాలు. మిగిలిన 1,500 పౌండ్లతో మనకు సంబంధం లేదు. అంటే ‘బీమా ఉంది’ అన్న మాటకు ‘మనకు ఖర్చు లేదు’ అని అర్థం కాదు. ఈ పూచీ కోసమే సంస్థ మన క్రెడిట్ కార్డు మీద కొంత సొమ్మును ధరావతుగా నిలిపి ఉంచుతుంది. కారును క్షేమంగా అప్పగించిన తరువాత దానిని విడిచిపెడుతుంది. రోజుకు మరికొంత రుసుము చెల్లిస్తే ఎక్సెస్‌ను తగ్గించే ఏర్పాటు కూడా ఉంటుంది. దానిని తీసుకోవాలా వద్దా అన్నది మన స్తోమతను, దారి స్వభావాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

బీమా వర్తించని సందర్భాలు కూడా ఒప్పందంలో రాసి ఉంటాయి. టైర్లు, అద్దాలు, కారు అడుగు భాగం, పోయిన తాళంచెవి వంటివి చాలా ఒప్పందాలలో మినహాయింపులు. పెట్రోలు కారులో డీజిల్ పోయించినా ఆ నష్టం మనదే. బ్రిటన్‌లో సాధారణంగా పెట్రోలు గొట్టం ఆకుపచ్చగా, డీజిల్ గొట్టం నల్లగా ఉంటుంది. రోడ్డు విడిచి ఇసుకలోకి కారు దించితే బీమా రక్షణ సామాన్యంగా తొలగిపోతుంది. తెల్లని తీరాలకు పేరుపొందిన ద్వీపంలో ఈ నియమం మరీ ముఖ్యమైనది. ఆటు సమయంలో గట్టిగా కనిపించిన ఇసుక కొద్ది గంటలలో నీటి పాలవుతుంది. ఉప్పునీరు ఇంజనులోకి, విద్యుత్ తీగలలోకి చేరితే ఆ కారు ఇక పనికిరాదు. పైగా బార్రాలో ఇసుక తీరమే విమానం దిగే చోటు. గాలి దిశను సూచించే గుడ్డ గొట్టం కంబం మీద ఎగురుతున్నదంటే విమానాశ్రయం పనిచేస్తున్నదని గుర్తు. అప్పుడు మనుషులు సైతం ఆ తీరం మీద అడుగు పెట్టరాదు.

కారును స్వాధీనం చేసుకునేటప్పుడు చుట్టూ తిరిగి పరీక్షగా చూడాలి. గీతలు, సొట్టలు ఏవైనా ఉంటే పత్రంలో రాయించి, ఫోనులో ఛాయాచిత్రాలు తీసుకోవాలి. ఇంధనం ఎంత ఉన్నదో చూడాలి. నిండుగా ఇచ్చిన కారును నిండుగానే తిరిగి ఇవ్వడం సాధారణ నియమం. చిన్న ద్వీపంలో పెట్రోలు బంకు రాత్రింబవళ్లు తెరచి ఉండదు. తెల్లవారి విమానం ఎక్కవలసినవారు ముందు రోజు సాయంకాలమే ఇంధనం నింపించుకోవడం మంచిది. ఇలా పరీక్షించడం యజమానిని అనుమానించడం కాదు. లెక్క ముందుగానే తేటగా ఉంటే తరువాత తగవుకు తావుండదు. అద్దెకు ఇచ్చినవారికీ, తీసుకున్నవారికీ అది సమానంగా మేలు చేస్తుంది.

పత్రాల పని పూర్తయిన తరువాత మిగిలినది ప్రయాణం. బార్రా చుట్టూ సుమారు 20 కిలోమీటర్ల వలయ రహదారి ఉంది. బ్రిటన్‌లో కూడా మన దేశంలోవలెనే రోడ్డుకు ఎడమవైపున నడపాలి కనుక మనవారికి ఆ తికమక లేదు. అయితే అక్కడ దూరాలు, వేగాలు మైళ్లలో లెక్కిస్తారు. తెల్లని వలయంలో నల్లని ఏటవాలు గీత ఉన్న గుర్తు కనిపిస్తే, విభాగిని లేని రోడ్డు మీద గరిష్ఠ వేగం గంటకు 60 మైళ్లని అర్థం. అది సుమారు 96 కిలోమీటర్లు. అది చట్టం విధించిన హద్దు మాత్రమే. అంత వేగంగా వెళ్లమని ఆజ్ఞ కాదు. మలుపులలో, మిట్టపల్లాలలో, గొర్రెలు రోడ్డు మీదనే పడుకునే చోట ఆ వేగం ప్రాణాంతకం. మద్యపానం విషయంలో స్కాట్లాండు మరింత కఠినమైనది. బ్రిటన్‌లోని ఇతర ప్రాంతాలలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల మద్యసారం వరకు అనుమతి ఉండగా, స్కాట్లాండు 2014లో ఆ హద్దును 50 మిల్లీగ్రాములకు తగ్గించింది. మన దేశంలో అది 30 మిల్లీగ్రాములే.

ఆ ద్వీపంలో చాలా రోడ్లు ఒక్క వాహనం పట్టేటంత వెడల్పు కలవి. ఎదురెదురుగా రెండు కార్లు వస్తే ఒకటి తప్పుకోవాలి. అందుకోసం కొంత దూరానికొకటి చొప్పున రోడ్డును ఒక పక్కకు వెడల్పు చేసి ఉంచుతారు. వాటిని ‘పాసింగ్ ప్లేస్’ అంటారు. ఆ చోటు మనకు ఎడమవైపున ఉంటే అందులోకి తప్పుకొని ఆగాలి. కుడివైపున ఉంటే మనం దానిలోకి వెళ్లరాదు. దాని ఎదుట, మన దారిలోనే ఆగి, ఎదుటివారు అందులోకి తిరిగి మనలను దాటిపోయేందుకు అవకాశం ఇవ్వాలి. మిట్ట ఎక్కుతూ వచ్చే వాహనానికి వీలైనంతవరకు ముందు దారి ఇవ్వాలి. వెనుక వచ్చేవారు తొందరలో ఉంటే పక్కకు తప్పుకొని వారిని పోనివ్వాలి. ప్రకృతి దృశ్యం అందంగా ఉన్నదని ఆ చోట కారు నిలిపి ఛాయాచిత్రాలు తీసుకోవడం మాత్రం కూడదు. యాత్రికుడు వినోదం కోసం తిరుగుతుండవచ్చు. అతని వెనుక వచ్చేది ఓడ వేళకు పరుగెత్తే కుటుంబం కావచ్చు, రోగి ఇంటికి వెళ్లే నర్సు కావచ్చు. దారి ఇచ్చినవారికి చేయెత్తి కృతజ్ఞత తెలపడం అక్కడి ఆచారం. ఆ చిన్న సైగతో అపరిచితుడు కూడా ఆ ఊరి మర్యాదలో భాగస్వామి అవుతాడు.

ద్వీపవాసులకు రోడ్డు ఉచితంగా వచ్చినది కాదు. బార్రాకు దక్షిణాన వాటర్సే అనే మరింత చిన్న ద్వీపం ఉంది. పూర్వం అక్కడి రైతులు పశువులను అమ్మడానికి తోలుకుపోవాలంటే మధ్యనున్న జలసంధిని ఈదించవలసి వచ్చేది. 1986లో బెర్నీ అనే మేలుజాతి ఆబోతు ఆ విధంగా ఈదుతూ మునిగి చనిపోయింది. ఆ సంఘటన అందరి దృష్టినీ ఆకర్షించింది. చివరకు 1991లో రెండు ద్వీపాలను కలుపుతూ రాతికట్ట మీద రోడ్డు ఏర్పడింది. నేడు యాత్రికులు అద్దె కారులో ఆ కట్టను నిమిషంలోపే దాటిపోతారు. దాని వెనుక ఒక చిన్న సమాజం ఏళ్ల తరబడి పడిన పాటు ఉన్నదని తెలిసినవారు ఆ రోడ్డును మరింత గౌరవంగా చూస్తారు.

తిరుగు ప్రయాణంలో కాలపాలన ముఖ్యం. విమానం ఆటు వేళ దాటితే దిగదు. గాలివానలు వస్తే ఓడలు, విమానాలు రద్దవుతాయి. మన విమానం రద్దయితే ఆ సంగతిని వెంటనే కారు యజమానికి తెలియజేయాలి. ఏలయనగా మనం అప్పగించవలసిన కారు కోసం మరొకరు ఎదురుచూస్తూ ఉండవచ్చు. చెప్పకుండా ఒక దినం ఎక్కువ ఉంచుకుంటే అదనపు అద్దె చెల్లించి చేతులు దులుపుకోవచ్చు. కాని మన మూలంగా వాహనం దొరకనివారి ఇబ్బందిని ఆ సొమ్ము తీర్చలేదు.

బార్రాలో కారు విలువను చాటే మరొక విషయం ఉంది. ఆ ఇసుక రన్‌వేకు రాత్రివేళ దీపాలు ఉండవు. సాధారణ విమానాలు పగటివేళనే నడుస్తాయి. అత్యవసరంగా రాత్రి విమానం దిగవలసి వచ్చిన సందర్భాలలో తీరం మీద కార్లను నిలిపి, వాటి దీపాల వెలుగులో విమానాన్ని దించడం జరిగింది. పగలు కూరగాయలు మోసిన కారే రాత్రి ఒక విమానానికి దారి చూపగలదు. వాహనాన్ని ఎల్లప్పుడూ నడిచే స్థితిలో ఉంచుకోవడం అక్కడ ఎంత అవసరమో దీనివలన తెలుస్తుంది.

మన దేశంలో కూడా కారును, మోటారు సైకిలును అద్దెకు తీసుకొని స్వయంగా నడుపుకునే ఏర్పాటు ఉంది. ఇందుకోసం కేంద్రప్రభుత్వం 1989లో రెంట్ ఎ క్యాబ్ పథకాన్ని, 1997లో రెంట్ ఎ మోటార్ సైకిల్ పథకాన్ని రూపొందించింది. ఈ విధంగా అద్దెకిచ్చే కారుకు నల్లని పలక మీద పసుపుపచ్చని అక్షరాలతో సంఖ్య రాసి ఉంటుంది. టాక్సీకి పసుపుపచ్చని పలక మీద నల్లని అక్షరాలు ఉంటాయి. సొంత కారుకు తెల్లని పలక మీద నల్లని అక్షరాలు ఉంటాయి. తెల్ల పలక ఉన్న కారును అద్దెకు ఇవ్వడం చట్టవిరుద్ధం. అటువంటి కారు ప్రమాదానికి గురైతే బీమా సంస్థ పరిహారం నిరాకరించే అవకాశం ఉంది. తెలుగువారు గణనీయంగా నివసిస్తున్న అండమాన్ దీవులకు విహారయాత్రకు వెళ్లే మన విద్యార్థులు వాహనం తీసుకునే ముందు పలక రంగును గమనిస్తే చాలు, సగం ప్రమాదం తప్పుతుంది.

‘అరువు సొమ్ము బరువు చేటు’ అన్నది మన పెద్దల మాట. ఇతరుల సొమ్మును వాడుకునేటప్పుడు దాని భారం కూడా మోయాలని ఆ సామెత హెచ్చరిస్తున్నది. డబ్బు చెల్లించాం కదా అన్న ధీమాతో అద్దె వస్తువును నిర్లక్ష్యంగా వాడేవారు మన చుట్టూ కనిపిస్తూనే ఉంటారు. అద్దె చెల్లించినందువలన మనకు లభించేది వాడుకునే హక్కు మాత్రమే. పాడుచేసే హక్కు కాదు. ఒప్పందాన్ని చదివి సంతకం చేయడం, ఇరుకు దారిలో ఎదుటివారికి చోటివ్వడం, చెప్పిన వేళకు తాళంచెవి అప్పగించడం చిన్న పనులుగా కనిపిస్తాయి. కాని పన్నెండు వందలమంది నివసించే ఒక ద్వీపంలో దైనందిన జీవితం సాఫీగా సాగేది ఇటువంటి చిన్న పనుల మీదనే. మన తరువాత ఆ కారు తలుపు తెరిచేవారికి అది మనకు దొరికినంత బాగానే దొరకాలి. ద్వీపంలో అద్దె కారు నేర్పే నీతి ఇదే.